పూతకెక్కిన మందు

బోధన్ అనగానే మనకు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గిన చోట వరి, సోయా, మక్క పెరిగాయి. ఈ మార్పులో రైతు, కార్మికుడు ఏం పోగొట్టుకున్నారో అందరం మాట్లాడుకున్నాం. తేనెటీగ సంగతి ఎవరం ఎత్తలేదు.

చెరకుతో తేనెటీగకు పెద్దగా పని లేదు. బెల్లం వండే చోట రసం వాసనకు మూగేది, అంతే. మక్క అలా కాదు. పూత మీదున్న చేనులోకి పొద్దున్నే వెళ్లి తలెత్తి చూడండి. మొక్క కొసన మగపూత మీద తేనెటీగ అటూ ఇటూ పాకుతుంటుంది. ఒళ్లంతా పచ్చటి పొడి. దాన్ని కాళ్లతో దువ్వి, తడిపి, వెనక కాళ్లకు చిన్న ఉండల్లా అంటించుకుని లేస్తుంది. మక్క పూతలో మకరందం ఉండదు, ఆ పుప్పొడి కోసమే వస్తుంది. సోయా పువ్వు మకరందం కూడా ఇస్తుంది.

మన భాషలో చెప్పాలంటే మకరందం అన్నం, పుప్పొడి పప్పు. ఎగరడానికి కావలసిన సత్తువ మకరందం నుంచి వస్తే, మాంసకృత్తులన్నీ పుప్పొడి నుంచే రావాలి. తుట్టెలోని లేత వయసు ఈగలు పుప్పొడి తిని, తలలోని గ్రంథుల్లో పాలలాంటి పదార్థం తయారుచేసి పిల్లపురుగులకు పెడతాయి. పుప్పొడి చెడితే తర్వాతి తరమే దెబ్బతింటుంది.

పైన కొట్టిన మందు పువ్వు మీద పడుతుందని అందరికీ తెలుసు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సమ్ వంటి పురుగుమందులు ఇంకో దారిలో వస్తాయి. విత్తనానికి పట్టించిన మందు నీటితో పాటు వేరు నుంచి ఆకుకు, పూతకు ఎక్కుతుంది. రసం పీల్చే పురుగు చావాలని చేసిన ఏర్పాటది. పురుగు నోరేదో తేనెటీగ నోరేదో మొక్కకు తెలియదు. పూతలో చేరేది చాలా తక్కువే, చాలాసార్లు ఈగ అక్కడికక్కడే చావదు. కానీ థయామెథాక్సమ్ కొద్దిగా తాగించి వదిలిన ఈగల్లో చాలా తుట్టెకు తిరిగి రాలేకపోయాయని ఫ్రాన్స్ పరిశోధకులు 2012లో చూపించారు. తిరిగి వచ్చిన ఈగ ఆ తిండినే ఇంట్లో దాస్తుంది.

2008లో జర్మనీ రైన్ లోయలో మక్క విత్తేటప్పుడు విత్తనాల మీది, అదే కోవకు చెందిన క్లోథియానిడిన్ దుమ్ముగా లేచి వేలాది తేనెపెట్టెలను దెబ్బతీసింది. ఐరోపా సమాఖ్య 2018లో ఈ మూడు మందులనూ ఆరుబయలు పొలాల్లో నిషేధించింది. మన దగ్గర అవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. పైగా అక్కడ పెట్టెలకు యజమాని ఉంటాడు, ముందే చెబితే మూసుకుంటాడు, తరలించుకుంటాడు. మర్రికొమ్మకో నీళ్ల ట్యాంకు కిందో వేలాడే మన పెద్ద తేనెతుట్టెకు ఎవరు కబురు చెబుతారు?

అందుకే ఈ సంచిక చదివే మీకు నా విన్నపం. మనలో చాలామంది ఊళ్లో పొలాలు కౌలుకిచ్చి వచ్చాం. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు కౌలు డబ్బుతో పాటు మందు సంగతి కూడా అడగండి. పూత మీద కొట్టొద్దనండి, తప్పనిసరైతే పొద్దుగూకాక కొట్టమనండి. విత్తనానికి ఏ మందు పట్టించారో, అది నిజంగా అవసరమో వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓను) అడగమనండి. గెట్టు మీద ఈగకు తిండి పెట్టే కానుగను, వేపను మాత్రం నరకనివ్వకండి.