మౌంట్ లారెల్: తీర్పు నుంచి ఇంటి వరకు - ఒక లాభాపేక్ష లేని సంస్థ గృహనిర్మాణ కృషి

1. ఉపోద్ఘాతం:

నగర శివారులో ఇంటి ధరను భూమి, సామగ్రి, కూలి మాత్రమే నిర్ణయించవు. ఆ భూమిమీద ఎటువంటి ఇల్లు కట్టవచ్చో చెప్పే స్థానిక నిబంధన కూడా నిర్ణయిస్తుంది. ప్రతి ఇంటికీ విశాలమైన స్థలం ఉండాలని, అపార్ట్‌మెంట్లు కట్టరాదని స్థానిక పాలకవర్గం శాసిస్తే చాలు. ఎవరినీ పేరు పెట్టి నిషేధించకుండానే అల్పాదాయ కుటుంబాలు ఆ ఊరికి దూరమవుతాయి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రానికి చెందిన మౌంట్ లారెల్ టౌన్‌షిప్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. న్యాయస్థానం గుర్తించిన హక్కు అక్కడ నివాసగృహంగా రూపొందిన క్రమాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. వివాద నేపథ్యం:

మౌంట్ లారెల్ ఫిలడెల్ఫియా, కామ్డెన్ నగరాలకు సమీపంలో ఉన్న శివారు ప్రాంతం. ఒకప్పుడు అది వ్యవసాయ గ్రామం. తరతరాలుగా అక్కడే ఉన్న నల్లజాతి కుటుంబాలలో కొన్ని శిథిలమైన ఇళ్ళలోనూ, నివాసాలుగా మార్చిన కోళ్ళ షెడ్లలోనూ కాలం గడిపేవి. ఎథెల్ లారెన్స్ మొదలైన స్థానికులు స్ప్రింగ్‌విల్ యాక్షన్ కౌన్సిల్ పక్షాన 36 అపార్ట్‌మెంట్ల నిర్మాణాన్ని ప్రతిపాదించగా టౌన్‌షిప్ అనుమతి నిరాకరించింది. 1971లో వ్యాజ్యం మొదలైంది.

1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు ఇచ్చింది. అభివృద్ధి చెందుతున్న ప్రతి పురపాలక ప్రాంతమూ తన పరిసర ప్రాంతపు గృహావసరంలో న్యాయమైన వాటాకు అవకాశం కల్పించాలని అందులో నిర్దేశించింది. దానికి స్పందనగా 14 వేల ఎకరాలకు పైబడిన మౌంట్ లారెల్ కేటాయించింది 20 ఎకరాలు మాత్రమే. 1983లో అదే న్యాయస్థానం రెండవ తీర్పులో ఈ ధోరణిని తీవ్రంగా తప్పుపట్టి, అమలుకు కఠినమైన మార్గాలను ఏర్పరచింది.

3. సంస్థ కృషి:

నిబంధన మారినంత మాత్రాన ఇల్లు వెలియదు. భూమి సేకరించాలి, ప్రణాళికా మండలి ఆమోదం పొందాలి, పెట్టుబడి సమకూర్చాలి, ఆ తరువాత దశాబ్దాల పాటు నిర్వహించాలి. ఈ బాధ్యతను వ్యాజ్యం నడిపిన న్యాయవాదులలో ఒకరైన పీటర్ ఓకానర్ స్థాపించిన ఫెయిర్ షేర్ హౌసింగ్ డెవలప్‌మెంట్ అనే లాభాపేక్ష లేని సంస్థ స్వీకరించింది.

ఇటువంటి నిర్మాణాలకు అమెరికాలో ప్రధాన ఆధారం 1986 నాటి సమాఖ్య పన్ను రాయితీ పథకం. పెట్టుబడిదారులు పన్ను రాయితీని పొంది, అందుకు ప్రతిగా నిర్మాణానికి మూలధనం సమకూరుస్తారు. అప్పు తగ్గుతుంది, అప్పు తగ్గిన మేరకు అద్దె తగ్గించడం సాధ్యమవుతుంది.

నేరాలు పెరుగుతాయని, ఇళ్ళ విలువ పడిపోతుందని, పన్నుల భారం హెచ్చుతుందని ఇరుగుపొరుగువారు తీవ్రంగా వ్యతిరేకించారు. 1997లో ప్రణాళికా మండలి ఆమోదం లభించింది. 2000 సంవత్సరం చివర తొలి కుటుంబాలు ప్రవేశించాయి. రెండు దశలలో మొత్తం 140 ఇళ్ళు పూర్తయ్యాయి. పరిసరాలలోని మధ్యతరగతి ఇళ్ళను పోలిన నిర్మాణశైలి, శ్రద్ధగల నిర్వహణ వీటి ప్రత్యేకతలు. ప్రాంతీయ మధ్యస్థ ఆదాయంలో 10 శాతం నుంచి 80 శాతం వరకు ఆదాయం గలవారికి వీటిని ఉద్దేశించారు. ఈ నివాస సముదాయానికి పెట్టిన పేరు ఎథెల్ లారెన్స్‌ది. 1994లోనే మరణించిన ఆమె దీనిని చూడలేకపోయారు.

4. ఫలితాల పరిశీలన:

సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం చేసిన అధ్యయనం 2013లో గ్రంథరూపంలో వెలువడింది. నేరాలు, ఇళ్ళ విలువ, పన్నులు అనే మూడు అంశాలలో మౌంట్ లారెల్‌ను సమీప టౌన్‌షిప్‌లతో పోల్చి చూడగా, ఈ సముదాయం వల్ల చెడు ప్రభావమేదీ కనిపించలేదు. పక్కన ఇటువంటి ఇళ్ళున్నాయన్న సంగతే తెలియని పొరుగువారు కూడా గణనీయంగా ఉన్నారు. ఇల్లు పొందినవారిని, దరఖాస్తు చేసినా ఇంకా పొందనివారితో పోల్చినప్పుడు మొదటివారిలో మానసిక ఒత్తిడి తక్కువగా, ఉపాధి, సంపాదన మెరుగ్గా ఉన్నాయి. వారి పిల్లలకు మంచి పాఠశాలలు అందుబాటులోకి వచ్చాయి.

5. ముగింపు:

తొలి ప్రతిపాదనకూ తొలి గృహప్రవేశానికీ మధ్య దాదాపు 30 ఏళ్ళు గడిచాయి. అవసరంతో పోలిస్తే 140 ఇళ్ళు స్వల్పమే. అయినా ఈ అనుభవం రెండు విషయాలను స్పష్టం చేస్తుంది. శివారులో అల్పాదాయవర్గాల నివాసం పట్ల వ్యక్తమైన భయాలు ఇక్కడ వాస్తవాల ముందు నిలవలేదు. న్యాయస్థానం తలుపు తెరవగలదు. ఆ తలుపు వెనుక ఇల్లు నిలబెట్టడానికి ఓపికగల సంస్థ కావాలి.