కారు ఎత్తు తగ్గిస్తే... టైరుకు ముప్పు!
లోపలి అంచున కంటికి కనిపించని అరుగుదల
స్ప్రింగులు మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి

విజయవాడ: నడకలో తేడా ఉంటే చెప్పు ఒక పక్కే అరిగిపోతుంది. కారు టైరు విషయంలోనూ జరిగేది ఇదే. చక్రం నేలపై నిలిచే తీరు మారితే టైరు ఒక అంచునే అరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుందనో, మలుపుల్లో నిలకడగా సాగుతుందనో కొందరు యువకులు కార్ల ఎత్తు తగ్గించుకుంటున్నారు. వాడుకలో దీన్నే ‘లోయరింగ్’ అంటున్నారు. స్ప్రింగులు మార్చే పని ఒక్క రోజులో పూర్తవుతుంది. ఆ తర్వాత చేయించాల్సిన వీల్ అలైన్‌మెంట్‌ను వాయిదా వేస్తేనే అసలు నష్టం మొదలవుతుంది. ఏళ్ల తరబడి మన్నాల్సిన టైర్లు కొద్ది వేల కిలోమీటర్లకే పనికిరాకుండా పోతాయి. పైగా ఆ అరుగుదల టైరు లోపలి అంచున ఉంటుంది కనుక యజమాని కంటపడదు. జాతీయ రహదారిపై మండుటెండలో వేగంగా వెళుతుండగా టైరు పేలితే ప్రాణాల మీదకు వస్తుంది.

కోణం మారడమే కారణం

మన రోడ్లపై తిరిగే చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలకు ‘మెక్‌ఫర్సన్ స్ట్రట్’ తరహా సస్పెన్షన్ ఉంటుంది. పైన స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన స్తంభం, కింద లోయర్ ఆర్మ్ చక్రాన్ని పట్టి ఉంచుతాయి. కారు బాడీ కిందికి దిగితే లోయర్ ఆర్మ్ కోణం మారుతుంది. దాంతో సాధారణంగా చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ఈ వాలునే ‘క్యాంబర్’ అంటారు. లోపలికి వాలితే అది నెగెటివ్ క్యాంబర్. 30, 40 మిల్లీమీటర్లు దించితే వాలు కారును బట్టి అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పెరగవచ్చు. వాలు పెరిగిన కొద్దీ బరువు లోపలి అంచుపై ఎక్కువగా పడుతుంది.

రెండోది ‘టో’. మనిషి పాదాలు లోపలికో, బయటికో తిరిగినట్లు చక్రాల ముందు భాగం లోపలికి తిరిగితే ‘టో ఇన్’, బయటికి తిరిగితే ‘టో అవుట్’. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్, లోయర్ ఆర్మ్ ఒకే పొడవులో, ఒకే కోణంలో ఉండవు. కారు దిగినప్పుడు రెండూ వేర్వేరుగా కదులుతాయి. అందుకే కర్మాగారంలో సరిచేసి పంపిన టో చెదిరిపోతుంది.

కిలోమీటరుకు 9 మీటర్ల రాపిడి

టైరును వేగంగా తినేసేది క్యాంబర్ కన్నా టో. ఒక చక్రం ఉండాల్సిన దిశ నుంచి కేవలం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకుందాం. కంటికి ఆ తేడా తెలియదు. కారు నేరుగా వెళుతున్నా ఆ చక్రం మాత్రం పక్కకు వెళ్లాలని చూస్తుంది. లెక్క కడితే ప్రతి కిలోమీటరుకు సుమారు 9 మీటర్ల మేర టైరు రోడ్డుపై పక్కకు ఈడ్చుకుపోయినట్లే. 100 కిలోమీటర్లు తిరిగేసరికి అది దాదాపు 900 మీటర్లవుతుంది. పెన్సిల్ రబ్బరును కాగితంపై రుద్దినట్లు టైరు రబ్బరు కరిగిపోతుంది. నెగెటివ్ క్యాంబర్‌కు టో అవుట్ తోడైతే రాపిడంతా లోపలి అంచుపైనే పడుతుంది. లోయరింగ్ చేసిన కార్లలో ముందు టైర్లు లోపలి వైపు నున్నగా మారడానికి కారణమిదే.

చాలా చిన్న కార్లలో వెనుక చక్రాలు ఒకే దూలానికి బిగించి ఉంటాయి. వాటిని ‘టార్షన్ బీమ్’ తరహా అంటారు. ఎత్తు తగ్గినా వాటి కోణాలు పెద్దగా మారవు. వెనుక వైపు స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న కార్లలో మాత్రం వెనుక టైర్లకూ ఈ ముప్పు తప్పదు.

టైరే చెబుతుంది

అరిగిన తీరును బట్టి లోపం ఎక్కడుందో గుర్తించవచ్చు.

* ఒక అంచు మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్ తేడా ఉన్నట్లు.
* ట్రెడ్‌పై అరచేత్తో అడ్డంగా నిమిరితే ఒక వైపు మెత్తగా, రెండో వైపు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో తేడా.
* రెండు అంచులూ సమానంగా అరిగితే గాలి తక్కువైనట్లు, మధ్యభాగం అరిగితే గాలి ఎక్కువైనట్లు.
* అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు దెబ్బతిన్నట్లు లేదా చక్రం బ్యాలెన్సింగ్ తప్పినట్లు.

బయట నిలబడి చూస్తే లోపలి అంచు కనిపించదు. స్టీరింగును ఒక వైపు పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి టార్చిలైటు వెలుగులో పరిశీలించాలి. ఉక్కు తీగలు బయటపడి ఉంటాయి కనుక ఒట్టి చేతిని గట్టిగా రుద్దకూడదు. తీగ కనిపించిన టైరుతో ఒక్క కిలోమీటరైనా ప్రయాణించరాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బయటి అంచున ఆ లోతు ఉన్నా, లోపల అరిగిపోతే ఆ టైరు పనికిరానిదే.

స్ప్రింగులు కోయడం ప్రమాదకరం

ఖర్చు తగ్గుతుందని కొందరు పాత స్ప్రింగునే ఒకటి రెండు చుట్లు కోయించేస్తారు. దీనికి మించిన పొరపాటు లేదు. పొట్టిబడిన స్ప్రింగు, చక్రం గుంతలో దిగినప్పుడు తన గూటి నుంచి జారిపోయే అవకాశం ఉంది. గ్యాసు మంటతో కాల్చి కుంగదీస్తే ఉక్కు బిగువు పోయి ఎప్పుడైనా విరగవచ్చు. నాలుగు చక్రాల వద్దా ఎత్తు సమానంగా రాకపోతే కారు ఒక పక్కకు లాగుతుంది. అలాంటి కారుకు అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు. ఎత్తు తగ్గించాలనుకునేవారు ఆ మోడల్ కోసమే తయారైన స్ప్రింగులను, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లతో కలిపి వేయించుకోవడమే మేలు.

మరో చిక్కు రోడ్లతోనే. చిన్న కార్లకు నేల నుంచి ఎత్తు సాధారణంగా 160 నుంచి 180 మిల్లీమీటర్లు. 40 మిల్లీమీటర్లు తగ్గించి, నలుగురు ఎక్కి, సామాను సర్దితే మిగిలేది స్వల్పమే. ప్రమాణాల మేరకు కట్టిన స్పీడ్ బ్రేకరే 100 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. ఊళ్లలో సొంతంగా పోసుకున్న దిమ్మెల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్కసారి అడుగు గట్టిగా తగిలి ఆర్మ్ వంగితే చేయించిన అలైన్‌మెంట్ అంతా వృథా.

వరుస తప్పకూడదు

కొత్త స్ప్రింగులు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. అందుకే బిగించిన వెంటనే ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి అలైన్‌మెంట్ చూపించుకోవాలి. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాకీపై ఉండగా కాకుండా, చక్రాలపై బరువు పడిన తర్వాతే చివరిగా బిగించాలి. లేకుంటే బుష్‌లు మెలితిరిగి త్వరగా చీలిపోతాయి.

యంత్రంపైకి ఎక్కించే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, బుష్‌లలో వదులుంటే ముందుగా మార్పించాలి. సర్దుబాటుకు వీలున్న కార్లలో మొదట వెనుక చక్రాలు, తర్వాత ముందు క్యాంబర్, అన్నిటికంటే చివర టో సరిచేయాలి. క్యాంబర్ మార్చితే టో మారిపోతుంది కనుక ఈ వరుస కీలకం.

చాలా చిన్న కార్లలో కంపెనీ ఇచ్చిన బోల్టులతో క్యాంబర్‌ను సర్దే వీలుండదు. అలాంటప్పుడు కొన్ని సెంటర్లు టో ఒక్కటే సరిచేసి పంపేస్తాయి. వాలు మాత్రం అలాగే ఉండిపోతుంది. కొన్ని మోడళ్లకు సర్దుబాటు చేసుకునే క్యాంబర్ బోల్టులు దొరుకుతాయి. వాటిని వేయించుకోవడం, కుదరకపోతే ఎత్తును కొంత తిరిగి పెంచుకోవడమే మార్గం.

పని పూర్తయ్యాక డబ్బు చెల్లించి వచ్చేయకుండా సరిచేయక ముందు, తర్వాత కొలతలున్న ముద్రిత నివేదిక అడిగి తీసుకోవాలి. అందులో ఎర్రగా మిగిలిన అంకె ఏదైనా ఉంటే కారణం తెలుసుకోవాలి. ఆ తర్వాత ప్రతి 5 వేల కిలోమీటర్లకు అలైన్‌మెంట్‌ను సరిచూపించుకుంటే తేడా ముదరకముందే బయటపడుతుంది.

చట్టం ఏమంటోంది?

వాహనాల్లో మార్పులపై మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఆంక్షలు విధిస్తోంది. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. కాబట్టి సస్పెన్షన్ జోలికి వెళ్లే ముందు రవాణా శాఖ కార్యాలయంలో, బీమా సంస్థ వద్ద విచారించుకోవాలి. చెప్పకుండా మార్పులు చేయిస్తే ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారానికి చిక్కులు రావచ్చు.

ఇప్పటికే ఎత్తు తగ్గించుకున్నవారు ఇంకొక దూర ప్రయాణానికి బయలుదేరే ముందే ముందు టైర్ల లోపలి అంచును ఒకసారి చూసుకోవడం మంచిది. కొన్ని వందల రూపాయలతో సరిపోయే అలైన్‌మెంట్‌ను నిర్లక్ష్యం చేస్తే టైర్లకు వేల రూపాయలు పోయాల్సి వస్తుంది. టైరు దారిలో పేలితే పోయేది డబ్బు ఒక్కటే కాకపోవచ్చు.