కంటి తడి, మగ్గం పని

పడుగుమీద చూపు నిలిపి తెగిన పోగును వెదకునప్పుడు రెప్పపాటు తగ్గును. రెప్ప వాలనిదే కన్నీటి పొర కంటిపై పరచుకొనదు. మంట, ఇసుక పడినట్లు గరగర, సాయంకాలమునకు మసక. షోలాపురములోగాని భివండీలోగాని మనవారు దీనిని నూగుధూళిమీదికి త్రోసి, అంగడిలో చుక్కలు కొని వేసికొనుట కలదు. ఆ చుక్కలలో స్టెరాయిడు ఉండి, వైద్యుని విచారింపక నెలల తరబడి వాడినచో నీటికాసులు, శుక్లము రావచ్చును. చూపు పోయిన చేతికి నాడె యెందుకు?

కన్ను ఎండుట రెండు విధములు. నీరు తక్కువగా ఊరుట ఒకటి. రెప్ప అంచులలోని నూనెగ్రంథులు పూడుటచే నీరు త్వరగా ఆవిరియగుట రెండవది, ఇదియే ఎక్కువమందికి. ఏదియో తెలియనిదే చికిత్స కుదరదు.

వైద్యుడు క్రిందిరెప్పలో కాగితపు పట్టీ నుంచి, 5 నిమిషములలో ఎంత తడిసెనో కొలుచును. 5 మిల్లీమీటర్లు దాటనిచో నీరు బాగా తక్కువ. చుక్కలు చాలనప్పుడు, ముక్కువైపు రెప్పకొననున్న నీటిరంధ్రములో ఆవగింజకన్న చిన్న బిరడా పెట్టుదురు. నీరు ముక్కులోనికి జారక కంటిలోనే నిలుచును. కొలాజెను బిరడా కొన్నాళ్లకు కరగును. సిలికోనుది నిలుచును, వలదన్న తీయవచ్చును. కొద్ది నిమిషముల పనియే. కన్ను నలుపు అలవాటున్నవారికి మాత్రము ఊడివచ్చును. రెప్పలు వాచియున్నచో ముందు వాపు తగ్గవలెను.

గ్రంథులు పూడినచో బిరడా ఒక్కటే చాలదు. రెప్పలకు కాపడము పెట్టి, వైద్యుడే అదిమి గడ్డకట్టిన నూనెను తీయును. వేడిని, ఒత్తిడిని కలిపి 12 నిమిషములలో ఈ పనిచేయు లిపిఫ్లో యంత్రమునకు అమెరికాలో 2011లో అనుమతి లభించినది. ఖర్చు హెచ్చు, ముందు ఇంట రోజూ గోరువెచ్చని గుడ్డతో 10 నిమిషములు కాపి చూడుడని మా సలహా.

వైద్యునికడకు పోవునప్పుడు ఇంతవరకు వాడిన చుక్కల సీసాలన్నిటిని వెంట తీసికొనిపోవలెను. దినమునకు ఎన్ని గంటలు మగ్గముపై నుందురో అదియు చెప్పవలెను.