సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూడండి!

ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో మంచి ల్యాప్‌టాప్ సగం కన్నా తక్కువ ధరకే కనిపించిందా? కాస్త ఆగండి.

"ఆర్మీలో చేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది" అంటూ ఐడీ కార్డు ఫోటో పంపి, కొరియర్ ఖర్చుకు అడ్వాన్స్ అడగడం పాత ట్రిక్కే. అది కట్టాక ఇంకో ఛార్జీ అంటారు, ఆపై ఫోన్ స్విచాఫ్. అందుకే ల్యాప్‌టాప్ చేతికి రాకముందు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. "రిఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అన్నా నమ్మొద్దు. యూపీఐ పిన్ కొడితే మన డబ్బు పోతుందే తప్ప, రాదు.

నేరుగా కలిసినప్పుడు ఇవి చెక్ చేయండి:

1. సీరియల్ నంబర్: ల్యాప్‌టాప్ కింద, బయోస్‌లో, బిల్లు మీద ఒకటే ఉండాలి. బిల్లు లేదంటే దొంగ సొత్తు కావొచ్చు.

2. లాక్: అమ్మే వ్యక్తితోనే రీసెట్ చేయించి, మీ హాట్‌స్పాట్ ఇచ్చి సెటప్ మొదలుపెట్టండి. ఏదైనా కంపెనీ లాగిన్ అడిగితే అది ఆఫీసు ల్యాప్‌టాప్. ఫార్మాట్ చేసినా ఆ లాక్ మళ్లీ రావొచ్చు, వదిలేయండి. మ్యాక్‌బుక్ అయితే రీసెట్‌కు ముందే 'ఫైండ్ మై' ఆఫ్ చేయించాలి.

3. ప్రాసెసర్: "ఐ5" అంటే సరిపోదు, ఎన్నో జనరేషనో చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి సాధారణంగా ఇంటెల్ 8వ జనరేషన్ లేదా ఆపైది కావాలి.

4. బ్యాటరీ: ఛార్జర్ తీసేసి, పావుగంట వీడియో ప్లే చేసి చూడండి.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు, వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.