పుస్తకము నుండి గ్రామసభకు

కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ నీటితోపాటు ఒకప్పుడు పుస్తకములు కూడ ప్రయాణము చేసినవి. తెనాలి తాలూకా పెదపాలెము వాస్తవ్యులైన పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల మధ్య బ్యాంకు కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. ఆనాడు పడవ ప్రయాణమనగా గంటల తరబడి కూర్చుండుటయే. ఊరక కూర్చున్నవాని చేతికి పుస్తకము నందించినచో చదువక యేమి చేయును? గ్రంథాలయమునకు జనులు రాకున్నచో జనులున్న చోటికే గ్రంథాలయము పోవలెనన్న ఈ యోచన పల్లెటూరి బుద్ధికి తట్టినదే గాని పట్టణపు కచేరీలలో పుట్టినది కాదు.

ఆ పడవ ఒంటరిగా బయలుదేరినది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు దానికి ప్రాణము పోసిరి. 1918లో వేటపాలెములో సారస్వత నికేతనము వెలసినది. 1929లో దాని భవనమునకు గాంధీ మహాత్ముడు శంకుస్థాపన గావించెను. నేడును పరిశోధకులు పాత పత్రికల కొరకు అచటికి వచ్చుచుందురు. ఆ దినములలో గ్రంథాలయమనగా బీరువాలున్న గది మాత్రమే కాదు. అచట సభలు జరిగెడివి. అక్షరములు రాని వారికి వార్తాపత్రికను పెద్దగా చదివి వినిపించెడివారు. ఈ వినిపించుటలోనే అసలు విశేషమున్నది. పదిమంది యెదుట చదువువాడు తాను గ్రహింపని వాక్యమును దాటిపోజాలడు. వినువారిలో ఒక రైతు "అనగానేమి, నాయనా?" అని యడుగును. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకై అతడు మరల చదువవలసివచ్చును. మౌనముగా నూరు పుటలు చదివిన దానికంటె ఇట్లు చదివిన పది పుటలు మనిషిని ఎక్కువగా పెంచునని నా యభిప్రాయము.

చదువు, మాట, అనుభవము ఒకే వ్యక్తియందు కలిసినచో ఏమగునో ఈ ప్రాంతమువారు కన్నులార చూచియున్నారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు బాపట్ల తాలూకా కచేరీలో కొంతకాలము ఉద్యోగము చేసిరి. పిదప స్నేహితుడగు నడింపల్లి నరసింహారావుగారితో కలసి స్కాట్లండు దేశమునకు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయములో ఎం.ఏ. పట్టము పొందిరి. అంత చదివిన మనిషి చీరాల, పేరాల ప్రజల మధ్య నిలిచినప్పుడు వారికి పుస్తకపు భాషలో బోధింపలేదు. అచట పురపాలక సంఘము పెట్టుటతో పన్నులు పెరిగి, నేతపనివారికిని పేదలకును భరింపరానివైనవి. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, ఊరు విడిచి వెలుపల నివసించుటయు ఒక మార్గమని సూచించెను. ఆ మాటను వేలాది కుటుంబముల చేత ఆచరింపజేయుట సామాన్యమా? ఎండకును వానకును ఓర్చి జనులు పాకలు వేసికొని నెలల తరబడి రామనగరములో నివసించిరి. వారిని అచట నిలిపినది గోపాలకృష్ణయ్యగారి వాక్కు, ఆయన తీర్చిదిద్దిన రామదండు సేవ. మాటాడుటకై ఆయన కారాగారమునకు సయితము పోయిరి. పోరాటము చివరకు అణగిపోయిన మాట నిజమే. అయినను ఆ జనులు ఎరిగిన ధైర్యము అణగిపోలేదు.

అందరును గోపాలకృష్ణయ్యలు కానక్కరలేదు. రేపల్లె, నిజాంపట్నము వైపు శివారు భూముల రైతునే తీసికొందము. ఎగువవారికి నీరందిన పిదపనే అతని వంతు. కాలువలో ఏ తూము వద్ద నీరు ఆగునో, నారు ఎన్నాళ్లకు ఎండునో, ఉప్పునేల ఎంత నీరు త్రాగునో అతనికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? 1997 నాటి చట్టము ననుసరించి నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామములోని ప్రతి ఓటరును గ్రామసభ సభ్యుడే. కాని సభలో అతడు లేచి నిలుచుండునప్పటికి నోరు పెగలదు. గుండెలో ఉన్నది గొంతుకు రాదు. తెలిసినవాడు వెనుక వరుసలో కూర్చుండును. తెలియనివాడు మైకు పట్టుకొనును. తీర్మానము ఏ విధముగా నుండునో వేరుగ చెప్పవలెనా?

ఈ సంకోచము పోవుటకు ఉపన్యాసకళ నేర్వనక్కరలేదు. తాను స్వయముగా చేసిన పనిని గురించి అయిదు నిమిషములు చెప్పుట అభ్యసించిన చాలును. ఏమి జరిగినది, ఎన్నడు జరిగినది, ఎంత నష్టము, ఏమి కావలెను — ఈ నాలుగును కాగితముపై వ్రాసికొని, ముందుగా ఇంటిలో భార్యకో బిడ్డకో వినిపింపవచ్చును. ఇంటివారు చేయు విమర్శ కంటె గట్టి విమర్శ సభలో ఎవరును చేయరు! స్త్రీలు ఈ విషయములో కొంత ముందున్నారనవచ్చును. పొదుపు సంఘములలో లెక్క చదివి ఒప్పించుట అలవాటైన వారికి గ్రామసభ అంత భయము గొల్పదు.

మాటకు బలము మరల పుస్తకము వలననే వచ్చును. పురుగు పట్టిన పైరును గూర్చి రైతు తన కంటితో చూచినది చెప్పును. వ్యవసాయ గ్రంథమును చదివినచో ఆ పురుగు ఏ దశలో లొంగునో కూడ చెప్పగలుగును. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల యున్నది. అచటి పండితులు చెప్పిన దానిని తన చేనిలో పరీక్షించి, ఫలించినది, ఫలింపనిది సభలో నిర్భయముగా చెప్పు రైతు ఊరికంతకును ఉపకారి. సెల్ ఫోనులో వచ్చు వార్తను ఇతరులకు పంపుటకు ముందు ఇట్లే పరీక్షించినచో ఎంత బాగుండును!

2022 ఏప్రిల్‌లో బాపట్ల ప్రత్యేక జిల్లా అయినది. రేపల్లె, కొల్లూరు, వేటపాలెము అందు చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. జిల్లాలు వేరైనను గ్రంథాలయముల చట్టము ఒక్కటియే. అది 1960లో వచ్చినది. దాని ప్రకారము మీరు చెల్లించు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును చెల్లించుచున్నారు. రసీదును ఒకమారు తిరుగవేసి చూడుడు. సొమ్ము చెల్లించిన సరకును ఇంటికి తెచ్చుకొనని గృహస్థు ఎవ్వడు? మీ శాఖా గ్రంథాలయమునకు పోయి సభ్యత్వము తీసికొనుడు. వారమున కొక సాయంకాలము అచటనే పదిమంది చేరి ఒకరు చదువగా తక్కినవారు ప్రశ్నింపుడు. మొదటి దినమున ఏ పుస్తకమని సందేహించినచో, వచ్చు గ్రామసభలో చర్చకు రానున్న విషయమునకు సంబంధించినదానినే గ్రంథపాలకుని అడిగి తీసికొనుడు.