42 మ్యాచ్‌ల్లో 9 గెలుపులే.. అయినా ఆ కోచే హీరో! విమాన ప్రమాదంలో జట్టంతా పోయినా మళ్లీ లేచిన మార్షల్ కథ

కోచ్ గొప్పవాడా కాదా? గెలుపోటముల లెక్క చూసి చెప్పేస్తాం. కానీ అమెరికాలోని మార్షల్ యూనివర్సిటీలో ఆ లెక్క పనిచేయదు. నాలుగేళ్లలో 42 మ్యాచ్‌లకు 33 ఓడిపోయిన కోచ్‌ను అక్కడ ఇప్పటికీ గుండెల్లో పెట్టుకున్నారు. ఎందుకో తెలియాలంటే 1970కి వెళ్లాలి.

ముందు ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చూసే సాకర్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ శనివారం వచ్చిందంటే కాలేజీ మ్యాచ్‌ల సందడే.

ఆ రోజు ఏం జరిగింది?

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని హంటింగ్టన్ అనే చిన్న నగరంలో ఉంది మార్షల్. జట్టు పేరు థండరింగ్ హెర్డ్. 1970 నవంబర్ 14న ఈ జట్టు ఈస్ట్ కరోలినా చేతిలో 17-14తో ఓడిపోయి, ప్రత్యేక విమానంలో ఇంటికి బయల్దేరింది. రాత్రి వాన, పొగమంచు. దిగాల్సిన ఎత్తు కన్నా కిందికి వచ్చేసిన డీసీ-9 విమానం రన్‌వేకి కాస్త ముందే చెట్లను తాకి కొండ మీద కూలింది.

విమానంలో ఉన్న 75 మందిలో ఒక్కరూ బతకలేదు. వాళ్లలో 37 మంది ఆటగాళ్లు, 8 మంది కోచింగ్ సిబ్బంది, జట్టుకు అండగా నిలిచే 25 మంది ఊరి పెద్దలు. హెడ్ కోచ్ రిక్ టోలీ కూడా పోయారు. ఆరుగురు ఆటగాళ్ల మృతదేహాలను గుర్తుపట్టలేకపోయారు. వాళ్లను ఊరి శ్మశానంలో పక్కపక్కనే ఖననం చేశారు.

జట్టు ఉండాలా? వద్దా?

ఇంత జరిగాక మళ్లీ ఆట ఎందుకన్న ప్రశ్న వచ్చింది. చివరికి కొనసాగించాలనే నిర్ణయించారు. కానీ కోచ్ ఎవరు? ముందు ఒప్పుకున్న ఒకాయన కొద్ది రోజులకే వద్దని వెళ్లిపోయారు. అప్పుడు వచ్చారు జాక్ లెంగ్యెల్. ఒహాయోలోని వూస్టర్ అనే చిన్న కాలేజీలో కోచ్ ఆయన.

ఆయన చేతిలో ఉన్నదేంటి? గాయం వల్లో, మరో కారణం వల్లో ఆ విమానం ఎక్కని కొద్దిమంది ఆటగాళ్లు. రిక్రూటింగ్ పని మీద కారులో వెళ్లి ప్రాణాలతో మిగిలిన అసిస్టెంట్ కోచ్ రెడ్ డాసన్. అంతే!

అప్పటి రూల్ ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మార్షల్‌కు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. ఇతర ఆటలు ఆడే విద్యార్థులను కూడా తీసుకున్నారు. ఇక వ్యూహం? అదే రాష్ట్రంలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ కోచ్ బాబీ బౌడెన్ తమ ఆట పద్ధతిని దాచుకోకుండా మార్షల్ కోచ్‌లకు చూపించారు.

1971లో తొలి మ్యాచ్ ఓడారు. సెప్టెంబర్ 25న సొంతగడ్డపై జేవియర్‌తో రెండో మ్యాచ్. ఆఖరి ఆట మొదలైంది, టైమ్ అయిపోయింది. రెగీ ఆలివర్ విసిరిన పాస్ అందుకుని టెర్రీ గార్డ్‌నర్ గీత దాటేశాడు. 15-13తో మార్షల్ గెలిచింది! ఆ ఏడాది మొత్తం గెలిచింది రెండే. అయినా జట్టు బతికింది. లెంగ్యెల్ చేసిన పని అదే.

తర్వాతి కోచ్‌లు ఏం చేశారు?

గెలుపులు వెంటనే రాలేదు. ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న సీజన్ 1984లో గానీ రాలేదు. అప్పుడు కోచ్ స్టాన్ పారిష్. 1964 తర్వాత అదే మొదటిసారి. ఆ తర్వాత కథ మారిపోయింది.

• జార్జ్ చంప్: 1987లో రెండో శ్రేణి డివిజన్ ఫైనల్‌కు చేర్చారు. ఒక్క పాయింట్ తేడాతో, 43-42తో టైటిల్ చేజారింది.
• జిమ్ డానన్: 1992లో తొలి జాతీయ టైటిల్ తెచ్చారు.
• బాబ్ ప్రూయిట్: మార్షల్ పాత ఆటగాడే. 1996లో 15కి 15 గెలిచి టైటిల్ కొట్టారు. అందులో స్టార్ రాండీ మాస్. తర్వాతి ఏడాదే జట్టు పెద్ద డివిజన్‌కు వెళ్లింది. 1999లో చాడ్ పెన్నింగ్‌టన్ క్వార్టర్‌బ్యాక్‌గా 13కి 13 గెలిచి, దేశంలో 10వ ర్యాంక్‌తో ముగించింది.
• చార్లెస్ హఫ్: 2022లో 8వ ర్యాంక్ నోట్రడామ్‌ను వాళ్ల మైదానంలోనే 26-21తో ఓడించారు. 2024లో సన్ బెల్ట్ టైటిల్ గెలిచారు.

కానీ ఆ టైటిల్ గెలిచిన వెంటనే హఫ్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయారు. చాలామంది ఆటగాళ్లు కూడా జట్టు మారేందుకు సిద్ధమయ్యారు. ఆడేవాళ్లు చాలక ఆ సీజన్ బౌల్ మ్యాచ్ నుంచి మార్షల్ తప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటి కాలేజీ ఫుట్‌బాల్ తీరు ఇది.

లెంగ్యెల్ కథతో 2006లో 'వీ ఆర్ మార్షల్' సినిమా వచ్చింది. మాథ్యూ మెకానహే ఆయన పాత్ర చేశారు. క్యాంపస్‌లో మృతుల స్మారకంగా ఒక ఫౌంటెన్ ఉంది. ఏటా నవంబర్ 14న అందరూ దాని చుట్టూ చేరతారు. నీళ్లు ఆపేస్తారు. మళ్లీ వసంతం వచ్చాకే వదులుతారు. కోచ్‌లు వస్తుంటారు, పోతుంటారు. ఆ ఫౌంటెన్ దగ్గర నిలబడ్డ వాళ్లకు మాత్రం 1971లో 'నేను చేస్తా' అని వచ్చిన మనిషే ముందు గుర్తొస్తారు.