మోర్మను విశ్వాసి మనస్సు తడబడినప్పుడు

మోర్మనులు అనే మాట పాలకొండ, బొబ్బిలి, టెక్కలి వైపు మన పల్లె సంఘముల పెద్దలకు అంతగా తెలియదు. మన పిల్లలకు తెలుసు. పనికో చదువుకో విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లిన యౌవనస్థులలో కొందరు ఆ సంఘములో చేరుతున్నారు. చేరినవారి గూర్చి మనము చెప్పుకుంటూనే ఉంటాము. చేరిన కొన్నాళ్లకు అక్కడ కూడ మనస్సు విరిగి, అటు ఉండలేక ఇటు రాలేక నలిగిపోయేవారి గూర్చి మాత్రము ఎవరూ మాట్లాడరు. మేము వ్రాస్తున్నది వారి కొరకు, వారి తల్లుల కొరకు.

ఆ సంఘము పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ దానిని స్థాపించాడు. బంగారు రేకుల మీది ప్రాచీన వ్రాతను దేవుని శక్తితో అనువదించానని ఆయన చెప్పిన మోర్మన్ గ్రంథము కూడ ఆ యేడే అచ్చయింది. బైబిలుతోపాటు దానిని కూడ వారు లేఖనముగా ఎంచుతారు. త్రిత్వమును గూర్చిన మన ఒప్పుదలను వారు అంగీకరించరు. మన బాప్తిస్మమును లెక్కలోనికి తీసుకోరు. ఈ భేదములు చిన్నవి కావు, దాచవలసినవీ కావు.

తెలుగువారి మధ్య ఈ బోధ వేళ్లూనినది తెలుగువారి వలననే. సమోవా దీవులలో ఉంటూ ఆ సంఘములో చేరిన ఎడ్విన్ ధర్మరాజుగారు, ఆయన భార్య ఎల్సీగారు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకే మొదట బోధించారు. మోర్మన్ గ్రంథమును తెలుగు చేసే పని ఎల్సీగారి తండ్రి, బాప్టిస్టు బోధకుడైన రెవరెండు పి. శ్రీనివాసంగారికి అప్పగించబడింది. మన బాప్టిస్టు పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు! 2012లో మన దేశపు మొదటి 'స్టేకు', అనగా అనేక స్థానిక సంఘముల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడింది. 2018లో బెంగుళూరులో దేవాలయము కడతామని ప్రకటించారు.

ఎందుకు చేరతారు? డబ్బు కోసమని మన వారు తేలికగా అనేస్తారు. మాకు తెలిసిన ఒక కుర్రవాడికి పదేండ్ల వయస్సులో తండ్రి పోయాడు. విశాఖలో వెల్డింగు పనిలో ఉండగా ఒక స్నేహితుడు ఆ కూటమునకు తీసుకువెళ్లాడు. దేవాలయములో ముద్రింపబడిన కుటుంబము మరణముతో విడిపోదు, తండ్రీ కొడుకులు నిత్యము తండ్రీ కొడుకులుగానే ఉంటారని అక్కడ విన్నాడు. ఆ ఒక్క మాట అతనిని పట్టుకుంది. ఆ సంఘ నియమము చొప్పున టీ, కాఫీ మానేశాడు. తల్లికి మొదట తెలిసిన గురుతు అదే. "టీ నీళ్లు కూడా ముట్టుకోడంటండి అయ్యగారూ, మా యింట్లో ఏటి తక్కువైందని?" అని ఆమె మా గుమ్మములో కూర్చుని ఏడ్చింది.

నాలుగేండ్లు గడిచాక అతడే ఒక రాత్రి మా యింటికి వచ్చాడు. ఫోనులో చదివిన సంగతులు నిద్ర పట్టనివ్వడము లేదన్నాడు. అవి విరోధులు కల్పించినవి కావు. 2013 నుండి ఆ సంఘమే ప్రకటించిన వ్యాసములలో ఉన్నవి. జోసెఫ్ స్మిత్ ముప్పది నుండి నలుబదిమంది స్త్రీలను పెండ్లాడి ఉండవచ్చునని అందులో ఉంది. అబ్రాహాము వ్రాతయని ఆయన అనువదించిన ఐగుప్తు పత్రముల ముక్కలు 1967లో న్యూయార్కులో తిరిగి బయటపడగా, వాటిలో ఉన్నది మృతుల సమాధి క్రియల వ్రాతయని పండితులు తేల్చారు. ఇదీ అందులో ఉంది. "అయ్యగారూ, ఇది అబద్ధమైతే మా నాన్న రెండోసారి పోయినట్టే" అన్నాడు.

ఈ సంగతి తెలిసి మా వారిలో కొందరు సంతోషించారు. వచ్చే ఆదివారమే బల్ల యెదుట నిలబెట్టి సాక్ష్యము చెప్పించమన్నారు. మేము ఒప్పుకోలేదు. పుండు మీద మందు వేయకముందే దానిని పదిమందికి చూపించడము కాపరి పని కాదు.

ఇంకొక కారణమున్నది. జోసెఫ్ స్మిత్ తన చిన్నతనములో యాకోబు పత్రిక 1:5 చదివి ప్రార్థింప వెళ్లానని చెప్పుకున్నాడు. మోర్మన్ గ్రంథము చివర కూడ, ఇది నిజమా అని దేవుని అడిగి చూడుమని ఉంది. ఈ కుర్రవాడు అలాగే అడిగాడు, గుండెలో వెచ్చగా అనిపించింది, నమ్మాడు. ఇప్పుడు ఆ వెచ్చదనమును నమ్మలేక, ప్రార్థనకే భయపడుతున్నాడు. ఇటువంటివాని యెదుట అవతలి గ్రంథమును అపహసించడము నేర్పితే, అదే కత్తి రేపు మన బైబిలు మీదికి కూడ తిప్పుతాడు. ఆ దారిలో ఏ దేవుడూ వద్దనుకున్నవారిని చూచాము.

బి. హెచ్. రాబర్ట్స్ అనే ఆ సంఘ నాయకుడు మోర్మన్ గ్రంథము మీది కష్టమైన ప్రశ్నలను 1922లోనే తోటి నాయకుల ముందు పెట్టాడు. ఆ వ్రాతలు 1985లో గాని పుస్తకముగా రాలేదు. అయినను 1933లో చనిపోయే వరకు ఆయన ఆ సంఘమును విడువలేదు. విడిచి వచ్చినవారూ అనేకులు. కనుక ఇతడు ఎటు పోతాడో మేము ముందే చెప్పలేదు. మార్కు సువార్త ఒకటే తొందర లేకుండా చదువుమన్నాము. అక్కడి నాయకులతో దాపరికము లేకుండ మాట్లాడుమన్నాము. అక్కడి స్నేహితులను తెంచుకోవద్దన్నాము. ఈ చివరి మాటకు మా పెద్దలలో ఒకరు మా మీద కోపగించారు.

తల్లికి చెప్పినది వేరు. తోమా నమ్మనని చెప్పిన తరువాత కూడ ఎనిమిది దినములు శిష్యులు అతనిని తమతోనే ఉంచుకున్నారు (యోహాను 20). మన శ్రీకాకుళములో సేవ చేసిన పురుషోత్తమ చౌధరిగారు 1833లో బాప్తిస్మము పొందిన బ్రాహ్మణుడు. నమ్మకము మారినవాని చుట్టూ ఇల్లు ఎంతగా కదులుతుందో మన ప్రాంతపు సంఘములకు మొదటినుండీ తెలుసు. ఆమెకు బోధపడింది. శనివారము రాత్రి బస్సు దిగి వచ్చిన కొడుకుకు టీ మాట ఎత్తకుండా చోడి అంబలి పోసి ఇస్తుంది.

అతడు కొన్ని ఆదివారములు వెనుక వరుసలో కూర్చుంటాడు, కొన్ని ఆదివారములు రాడు. అతనికి మరల బాప్తిస్మమియ్యాలా, చిన్ననాడు మన సంఘములో పొందినది చాలునా అని మా పెద్దల సభలో రెండు సార్లు చర్చ జరిగింది. అతడు అడిగిన నాడు చూద్దామని ఆపివేశాము. అతడు ఇంకా అడుగలేదు.